ఘాట్ దిగే పికప్‌కు చెప్పే తప్పుడు సలహాలు

అరకు నుంచి శృంగవరపుకోటకు సరుకు దింపే పికప్ డ్రైవర్లకు బ్రేకుల గురించి సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. టీ కొట్టు దగ్గర ఒకరు, స్పేర్ పార్టుల షాపులో ఒకరు, సంతలో బస్తాలు దింపుతూ ఒకరు. అందరూ మన మేలు కోరి చెప్పేవాళ్లే. వాళ్లు చెప్పేవాటిలో సగం చదును రోడ్డు మీద నిజంగానే పనిచేస్తాయి. చిక్కు అక్కడే వస్తోంది. కొత్త ప్యాడ్లు వేశాక షాపు ముందు బండిని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపి, ఒక్క బ్రేకు కొట్టి, "చూశావా ఎలా పట్టిందో" అంటారు. బ్రేకు చల్లగా ఉంది, బండి ఖాళీగా ఉంది, నేల చదునుగా ఉంది. ఈ మూడూ కుదిరినచోట ఏ ప్యాడైనా పట్టుకుంటుంది. వెనక టన్నున్నర కాఫీ గింజల బస్తాలో పసుపు బస్తాలో వేసుకుని అనంతగిరి దాటాక, డముకు, తైడ మలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నప్పుడు అదే ప్యాడ్ ఏం చేస్తుందన్నది ఆ షాపు ముందు ఎవరికీ తెలియదు.

ఈ రోడ్డు ఎంత నిర్దయగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. పాడేరు నుంచి మాడుగుల దిగే ఘాట్, లంబసింగి నుంచి నర్సీపట్నం దిగే ఘాట్ కూడా ఇలాంటివే. ఈ దారుల్లో తిరిగే బండికి ప్యాడ్లూ డిస్కులూ ఎంచుకునేటప్పుడు వినకూడని మాటలు ఏవో, ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేడి లెక్క చూడండి. సరుకుతో కలిపి మూడు టన్నులున్న బండి 800 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకి వెళ్తుంది కాబట్టి ఇది పెంచి చెప్పిన లెక్క కాదు. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి దాదాపు 2 కోట్ల 35 లక్షల జౌళ్లు. 75 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి అది. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ముందు డిస్కు ఒక్కోటి ఎనిమిది కిలోలుందనుకున్నా, వేడంతా ఆ రెండు డిస్కుల్లోనే ఉండిపోతే పోత ఇనుము కరిగే స్థాయిని ఎప్పుడో దాటిపోతుంది. అలా జరగకుండా కాపాడుతున్నవి టైర్ల ఒరుపు, వెనక డ్రమ్ములు, చక్రాల చుట్టూ తిరిగే గాలి, అన్నిటికన్నా ముఖ్యంగా గేరులో ఉన్న ఇంజిన్. బ్రేకు ఎంచుకోవడమంటే ఈ వేడిని ఎవరు ఎంత మోయాలో తేల్చుకోవడం. పట్టు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మన దగ్గర తిరిగే బొలెరో పికప్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి బళ్లన్నిటికీ దాదాపుగా ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. దిగేటప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి పనిలో ఎక్కువ వాటా ముందు డిస్కులదే. అందుకే సలహాలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

"గట్టి ప్యాడ్ వేయించు బావా, రెండేళ్లు చూసుకోనక్కర్లేదు."

ఎక్కువగా వినిపించే సలహా ఇది. ప్యాడ్ అరగకపోవడం గొప్పేమీ కాదు. ప్యాడ్, డిస్కు రాసుకుంటున్నప్పుడు ఏదో ఒకటి అరగాలి. ప్యాడ్ మరీ గట్టిదైతే డిస్కు అరుగుతుంది, ఆ డిస్కు ధర ప్యాడ్ల కన్నా చాలా ఎక్కువ. పైగా మరీ గట్టి సరుకు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు. డిసెంబరు మంచులో తెల్లవారుజామున సుంకరమెట్ట దగ్గర బయల్దేరే బండికి మొదటి మలుపులోనే బ్రేకు పట్టాలి, పది మలుపులు తిరిగి వేడెక్కాక కాదు.

ప్యాడ్ ఎన్నేళ్లు వస్తుందని షాపులో అడగడం మానేసి, దాని అంచున చూడండి. చాలా ప్యాడ్ల అంచున కంపెనీ కోడ్ తర్వాత రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఒరుపు ఎంతో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్-ఎఫ్ అని ఉంటే చల్లగా ఉన్నా వేడెక్కినా పట్టు ఇంచుమించు ఒకే మెట్టులో ఉంటుంది. జి-ఇ అని ఉంటే షాపు ముందు అదరగొడుతుంది, తైడ దిగేసరికి నీరసపడిపోతుంది. ఘాట్ బండికి రెండో అక్షరమే ముఖ్యం. ఆ అక్షరాలు ఒక అంగుళం ముక్క మీద ప్రయోగశాలలో చేసిన పరీక్షను బట్టి వచ్చినవి, మన్నిక గురించి అవి ఏమీ చెప్పవు. అయినా షాపతని నోటిమాట కన్నా అవే నయం.

ఇక ఏ రకం అన్న ప్రశ్న. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి, నగరంలో తిరిగే కార్లకు అవి చాలు. సిరామిక్ ప్యాడ్లకు దుమ్ము తక్కువ, చక్రాలు నల్లబడవు, చప్పుడు రాదు. అందుకే కార్లు నడిపేవాళ్లు వాటినే మెచ్చుకుంటారు, ఆ మెప్పు విని పికప్ వాళ్లూ అడుగుతున్నారు. సరుకు మోసే బండికి నా ఓటు మంచి సెమీ మెటాలిక్ ప్యాడ్‌కే. ఉక్కు పీచు, ఇనుప పొడి కలిసి ఉండటంతో అది వేడిని తట్టుకుంటుంది. కాస్త చప్పుడు, కాస్త దుమ్ము ఉంటాయి. ఘాట్‌లో ఆ చప్పుడు భరించదగ్గదే. బండి కంపెనీ మీ మోడల్‌కి ఏ ప్యాడ్ పెట్టి అమ్మిందో ఆ రకమే తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే బూస్టర్, మాస్టర్ సిలిండర్, వెనక డ్రమ్ములు అన్నీ దాన్ని లెక్కలో పెట్టుకుని చేసినవే.

"డూప్లికేటైతే ఏటి? అదీ ఆ ఫ్యాక్టరీలోంచే వస్తాది."

రాదు. ప్యాడ్ అంటే ఒక ఉక్కు పలక మీద పీచులు, పొడులు, వాటిని పట్టి ఉంచే ఫినాలిక్ రెజిన్ కలిపి, వేడీ ఒత్తిడీ ఇచ్చి అతికించిన సరుకు. అందులో ఆదా చేయడానికి వీలున్నవన్నీ కంటికి కనపడని చోటే ఉంటాయి: రెజిన్ ఎంత మంచిది, ఎంతసేపు కాల్చారు, పలకకు ఎంత గట్టిగా అతుక్కుంది. మామూలు రెజిన్ మూడు వందల డిగ్రీలు దాటేసరికి చెడిపోతూ వాయువు వదులుతుంది. ఆ వాయువు ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పలచటి పొరలా నిలుస్తుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం నిలవదు. బ్రేకు ఫేడ్ అయిందంటే ఇదే. చవకబారు ప్యాడ్‌లో ఇది ముందే వస్తుంది, ఇంకా వేడెక్కితే సరుకు పలక నుంచి ఊడిపోతుంది కూడా.

యూరప్‌లో మార్చే ప్యాడ్లకు ఆర్-90 అనే నియమం ఉంది. ఒరిజినల్ ప్యాడ్‌తో పోలిస్తే పట్టులో తేడా 15 శాతం దాటకూడదని అది చెబుతుంది. ప్యాడ్ పలక మీద ఆ ముద్ర ఉంటే మంచి గుర్తే. అది లేకపోయినా బండి కంపెనీ పార్టు గానీ, రానే, సుందరం, బాష్ లాంటి ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్న కంపెనీల సరుకు గానీ తీసుకోండి. డబ్బా మీద పార్టు నంబరు మీ బండి మోడల్‌కి సరిపోవాలి, సీలు ఉండాలి, జీఎస్టీ బిల్లు ఇవ్వాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే విశాఖ ఆటోనగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఆ షాపు మెట్లు దిగేయండి.

ఇంకో మాట. ఆస్‌బెస్టాస్‌ను మన దేశంలో పూర్తిగా నిషేధించలేదు. చవక లైనర్లలో అది ఉండే అవకాశం ఉంది, డబ్బా మీద రాయరు. కాబట్టి బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదించకండి, నోటితో ఊదకండి. తడిగుడ్డతో తుడవమనండి. గ్యారేజీలో పనిచేసే కుర్రాడి ఊపిరితిత్తులు కూడా ఈ బిల్లులో భాగమే.

"డిస్కుకు లేత్ పట్టించేద్దాం, కొత్తదెందుకు?"

డిస్కు మందం ఎంతకు తగ్గితే పారేయాలో చాలా డిస్కుల మీదే పోత పోసి ఉంటుంది, మిల్లీమీటర్లలో. లేత్ పట్టించాక కూడా ఆ అంకె పైన ఉంటే అభ్యంతరం లేదు. కానీ ఎవరూ కొలవరు. గీతలు పోయి మెరిసిందా లేదా అని చూస్తారు. మందం తగ్గిన డిస్కు అంటే వేడిని దాచుకునే ఇనుము తగ్గిందన్నమాట. పై లెక్క గుర్తుంచుకోండి, ఆ వేడిలో మార్పేమీ ఉండదు, మోసే ఇనుమే తక్కువ. అది త్వరగా వేడెక్కుతుంది, త్వరగా పగులుతుంది.

డిస్కు మీద నీలం మచ్చలు కనిపిస్తే అది విపరీతంగా కాలినట్టు. వెంట్రుకవాసి పగుళ్లు అంచు దాకా పాకితే ఇక లేత్ మాటే వద్దు. మార్చేటప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చండి. కొత్త డిస్కు బిగించే ముందు హబ్ మీద తుప్పును శుభ్రంగా గీకించాలి. ఆ తుప్పు రవ్వంత మిగిలినా డిస్కు వంకరగా తిరుగుతుంది, వారం తిరక్కుండా పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, మెకానిక్ "డిస్కు బాగోలేదు" అని ఇంకోటి కొనిపిస్తాడు. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, అది తుడవకుండా బిగిస్తే కొత్త ప్యాడ్లు ఆ రోజే పాడైపోతాయి. నూనె తాగిన ప్యాడ్‌ను పెట్రోలుతో కడిగి ఎండబెట్టడం, ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టడం రెండూ పనికిరావు. లోపలికి ఇంకిన నూనె వేడెక్కగానే బయటికొస్తుంది.

కన్నాలు పెట్టిన డిస్కులు, గాడులు తీసిన డిస్కులు వేయించమని కూడా కొందరంటారు. కన్నం ఉన్నచోట ఇనుము లేదు. బరువుతో పదేపదే వేడెక్కి చల్లారే డిస్కులో పగులు మొదలయ్యేది ఆ కన్నం అంచునే. కంపెనీ ఇచ్చినట్టే, రెండు పలకల మధ్య గాలి దారులున్న, నున్నటి పోత ఇనుప డిస్కు వేయించండి. ఆ గాలి దారుల్లో ఎర్రమట్టి గట్టిపడిపోయి ఉంటే వానాకాలం పోగానే కడిగించండి.

"ఒక పక్కే అరిగింది కదా, ఒక పక్కే మార్చు."

ఇక్కడ కాస్త ఆగి, మెకానిక్ చూసే తీరును గమనించండి. చక్రం విప్పడు. వంగి, రిమ్ము సందులోంచి టార్చి వేసి బయటి ప్యాడ్ చూస్తాడు. "ఇంకా సగం ఉంది" అంటాడు. లోపలి ప్యాడ్ ఆ సందులోంచి కనపడదు. పికప్‌లకు ఎక్కువగా ఉండే కాలిపర్ ఒక పక్కనే పిస్టన్ ఉన్నది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, ఆ ఊపుకి కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. ఆ పిన్నులు రబ్బరు తొడుగుల్లో ఉంటాయి. తొడుగు చిరిగి వాననీళ్లూ మట్టీ లోపలికి పోతే పిన్ను తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. అప్పటినుంచి కాలిపర్ జరగదు. పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. విప్పి చూస్తే బయటిది సగం, లోపలిది ఉక్కు పలక దాకా. ఆ పలక డిస్కును గీకుతూ ఉంటుంది.

ప్యాడ్లు మార్చినా ఆ పిన్ను బాగుచేయకపోతే కొత్తవాటికీ అదే గతి. పిన్నులు బయటికి తీయించి, తుడిపించి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పెట్టించండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఆ వేడికి కరిగి ప్యాడ్ మీదికి కారుతుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. తొడుగు చిరిగితే కొత్తది వేయించండి. ఒకే పక్క ప్యాడ్లు మారిస్తే బ్రేకు కొట్టినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది. తడి రోడ్డు మీద, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ ఉన్న దారిలో అది ఎటు లాగుతుందో మన చేతిలో ఉండదు. నాలుగు ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి. సరుకు మందం మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చింది. కీచుమనే పట్టీ ఉన్న ప్యాడ్ అయితే ఆ కీచు వినిపించాక ఇంకో ట్రిప్పు ఆలోచన పెట్టుకోవద్దు.

"వెనక ఇంకో కమాన్ పట్టీ ఎక్కించు, ఎంత లోడైనా లాగుతాది."

బ్రేకులకూ కమాన్ పట్టీలకూ సంబంధమేంటి అనిపిస్తుంది. చాలా పికప్‌ల కింద, వెనక ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ, దాని పైన చిన్న వాల్వు ఉంటాయి. లోడు పడి బండి వెనక భాగం దిగినకొద్దీ ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపమని వాల్వుకు చెబుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ పంపుతుంది, లేకపోతే వెనక చక్రాలు లాకై బండి జారుతుంది. మెకానిక్‌లు దీన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటారు.

పట్టీలు ఎక్కువ వేయించినప్పుడు లోడు ఎంత వేసినా వెనక భాగం దిగదు. ఆ వాల్వు ఇది ఖాళీ బండి అనుకుంటుంది. వెనక బ్రేకులకు సగం ఒత్తిడే పంపుతుంది. రెండు టన్నుల సరుకు, వెనక బ్రేకులు అరకొర, బరువంతా ముందు డిస్కుల మీద. ముందు ప్యాడ్లు మూడు నెలలకే అయిపోతున్నాయని ప్యాడ్ కంపెనీని తిట్టుకునేవాళ్లు ఒకసారి బండి కింద చూసుకోవాలి. కొన్నిచోట్ల ఆ కడ్డీ ఊడిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల తీగతో కట్టేసి ఉంటుంది. పట్టీలు మార్చినా, వెనక ఇరుసు పని చేయించినా ఆ కడ్డీని కంపెనీ కొలత ప్రకారం సరిచేయించాలి. అసలు ఆర్‌సీలో రాసిన బరువుకు మించి ఎక్కించకపోవడమే పద్ధతి. ఎంత మంచి ప్యాడ్ కొన్నా, మించిన లోడు ఆ ప్యాడ్‌ను చవకబారు ప్యాడ్‌తో సమానం చేసేస్తుంది.

"న్యూట్రల్లో ఒగ్గేయ్ గురూ, డీజిల్ మిగుల్తాది."

మిగలదు. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పుడు ఇంజిన్‌కు డీజిల్ పంపడమే ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ తిరగడానికి డీజిల్ కావాలి. అంటే న్యూట్రల్లో ఖర్చవుతుంది, గేరులో ఆదా అవుతుంది. కొందరు ఇంకో మెట్టెక్కి ఇంజినే ఆపేస్తారు. అప్పుడు బ్రేకు బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట సరైనది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. లోడు ఉంటే ఇంకో గేరు తగ్గించు. మన కళ్లముందే ఇంకో రుజువు ఉంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ కొండల్లోంచే పోతుంది. ఖనిజంతో నిండిన రైళ్లు షిమిలిగుడ నుంచి బొర్రా మీదుగా దిగేటప్పుడు చక్రాల బ్రేకుల మీదే భారం వేసి దించరు. ఇంజిన్లలోని మోటార్లను జనరేటర్లుగా తిప్పి, ఆ డైనమిక్ బ్రేకుతో రైలును పట్టి ఉంచుతారు. బ్రేకు దిమ్మలు దానికి తోడు. పికప్‌లోనూ వరస అదే కావాలి, ముందు ఇంజిన్, తర్వాత బ్రేకు.

బ్రేకు వాడేటప్పుడు కాలు ఆనించి ఉంచి ఈడ్చకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన వ్యవధిలో డిస్కుకు గాలి తగులుతుంది. ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలన్నది రూలు. అంటే ఏ మలుపులోనైనా పూర్తిగా ఆగడానికి మీ బ్రేకుల్లో ఎప్పుడూ కొంత సత్తువ మిగిలి ఉండాలి.

"వాసనొస్తే నీళ్లు కొట్టు, ఆయిల్ తగ్గితే పోసుకో."

కాలిన వాసన, పొగ వస్తే దారిలో పారే నీళ్లు బకెట్టుతో తెచ్చి చక్రాల మీద కుమ్మరించడం ఇక్కడ మామూలే. నాలుగు వందల డిగ్రీలున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే అది ఒకవైపు ముడుచుకుని వంకరపోతుంది, పగులుతుంది. ఆ పగులు ఈ రోజు కనపడదు. వాసన వస్తే విశాలంగా ఉన్నచోట ఆపి, అరగంట ఊరికే వదిలేయండి. ఆ వేడి మీద హ్యాండ్ బ్రేకు కూడా లాగి ఉంచకండి, మొదటి గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం వేయండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పెట్టండి. రాత్రి బైకు మీద వచ్చేవాడు దాన్ని చూడలేడు.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరిగిపోవచ్చు. డాట్-4కు ఆ అంకెలు 230, 155. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. ఏడాదిలో సగం వానా మంచూ ఉండే చోట పాత ఆయిల్‌లో కొత్తది కలుపుకుంటూ పోవడం చాలదు. రెండేళ్లకోసారి మొత్తం తీయించి, కంపెనీ చెప్పిన రకం పోయించి, గాలి తీయించండి. మూత తీసి ఉన్న పాత డబ్బాలోది వాడనివ్వకండి. ప్యాడ్లు అరిగినకొద్దీ రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం తగ్గుతుంది కాబట్టి, మట్టం తగ్గితే ఆయిల్ పోసే ముందు ప్యాడ్లు చూడండి.

"కొత్త ప్యాడ్లు ఘాట్‌లో అవే సర్దుకుంటాయి."

సర్దుకోవు, మాడిపోతాయి. కొత్త ప్యాడ్ మొత్తం డిస్కుకు ఇంకా ఆనదు, ఆనిన కొద్దిచోట్లే అతిగా కాలి గాజులా నున్నబడుతుంది. ప్యాడ్లు మార్పించాక ఖాళీ బండితో కొత్తవలస వైపు చదును రోడ్డు మీదికి వెళ్లండి. రద్దీ లేనిచోట యాభై అరవై వేగం నుంచి ఇరవైకి, పూర్తిగా ఆగకుండా, ఇరవై సార్ల దాకా తగ్గించండి. మధ్యలో కాసేపు నడిపి చల్లారనివ్వండి. ఆ తర్వాతే లోడెక్కించండి.

సంత రోజుల్లో ఈ పికప్‌ల వెనక సరుకుతో పాటు మనుషులు కూడా ఉంటారు. మిరియాలో చింతపండో అమ్ముకుని, నూనె, ఉప్పు, పిల్లలకు బట్టలు కొనుక్కుని ఊరికి పోయేవాళ్లు. ఏ ప్యాడ్ వేశారో, కడ్డీ కట్టేశారో లేదో వాళ్లు అడగరు, వాళ్లకు చెప్పేవాళ్లూ లేరు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. బస్సు రాని ఊళ్లకు ఆ బండే దిక్కు అవుతోందన్నదీ నిజం. అందుకే బండి యజమానులకు నా విన్నపం ఒకటి. వచ్చే సంతకు ముందు బండిని గ్యారేజీకి తీసుకెళ్లి, ముందు చక్రాలు రెండూ విప్పించండి. లోపలి ప్యాడ్ మందం స్కేలుతో కొలిపించండి, డిస్కు మందం కొలిపించండి, వెనక వాల్వు కడ్డీ చూపించమనండి. ఇవన్నీ ఒక పూట పని.